అడుగున మిగిలిన నూనె

వేములవాడ,
9 మార్చి 1952

కొండలన్నకు నర్మద దండాలు.

బేగంపేట క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చి నెల కావస్తోంది. ఆ రోజు నువ్వు వస్తావని బస్సు కదిలేదాకా అవ్వ కిటికీలోంచి తొంగి చూస్తూనే ఉంది. రాలేదు. పనిలో ఉన్నావేమోలే అని ఆమే సర్దిచెప్పుకుంది. అయిదేళ్లు మా ఇంట్లో తిన్నవాడివి. బాపు తిట్టిన తిట్లను కూడా ఆ అన్నంతోపాటే అరిగించుకున్నవాడివి. అందుకే కోపం తెచ్చుకోకుండా రాస్తున్నాను.

బాపు ముందు గదిలో చాప మీద గోడవైపు తిరిగి పడుకుంటాడు. పిలిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు, అంతే. మగ్గం ముందు కూర్చోమని మా చిన్నాయన అడిగితే "నా చేతులు ఇనుముకు అలవాటైనయ్, నూలు తెగ్గొడ్త" అన్నాడు. ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు ఆగి చూసి పోతున్నారు. నిన్న మా పెద్దబాపు కొడుకు బాలమల్లు గడపలోనే నిలబడి, "ఇమానం పడగొట్టి నలుగుర్ని సంపిండట గద, గీయననేనా?" అని ఎవరికో చూపించాడు. బాపుకు వినపడింది. కదల్లేదు.

కంపెనీవాళ్లు ఇచ్చిన హుకుం నా దగ్గర ఉంది. ఇక్కడి మా నేత సంఘం లైబ్రరీ పంతులుతో తెలుగు చేయించుకున్నాను. డిసెంబరులో పడ్డ ఆ విమానం నూనె సరిగా చూడకుండానే చూసినట్టు ఇంజినీరు అంతయ్య, అంటే బాపు, సంతకం పెట్టాడనీ, దిగేటప్పుడు ఫ్లాపులు రాకపోవడానికి అదే కారణమనీ, అందుకే లైసెన్సు రద్దనీ ఉంది. వచ్చే జనవరి ముప్పై ఒకటిలోగా పై అధికారులకు అప్పీలు చేసుకోవచ్చట.

బాపు చేసుకోడు. నేను చేస్తాను. చూడకుండా సంతకం పెట్టే మనిషా ఆయన? ఇంట్లో లాంతరుకు నూనె పోసినా మూత వాసన చూసేవాడు! కానీ ఫ్లాపు అంటే ఏమిటో తెలియకుండా నేనేం రాయను? అది ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది, నూనెతో దానికేం పని, అన్నీ నాకు రాయి. మగ్గానికి నూలు కండెలు చుట్టే పిల్లకు అర్థమయ్యేట్టు రాయి. బాపుకు తెలియనివ్వకు.

నీ చెల్లె,
నర్మద


బేగంపేట,
2 ఏప్రిల్ 1952

చెల్లె నర్మదకు కొండల్ రాసేది.

బస్సు దగ్గరికి రాలేకపోయాను. పని ఉండింది.

అప్పీలు వల్ల ఏం లాభముంటుందో నాకు తెలియదు. ఈ కాగితాలు ఎవరు చదువుతారు? అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇవన్నీ మీ బాపు దగ్గరే, మా ఉస్తాద్ దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నీ పక్కనే, ఇంట్లో పడుకుని ఉండగా నేను నీకు ఉత్తరంలో చెప్పాల్సి రావడం బాగా లేదు.

విమానం గాలిలో నిలబడేది రెక్కల వల్ల. రెక్క వేగంగా పోతుంటే గాలి దాన్ని మోస్తుంది. వేగం తగ్గితే మోయలేదు. దిగేటప్పుడేమో వేగం తగ్గించక తప్పదు, లేకపోతే ఎంత పెద్ద మైదానమైనా చాలదు. ఈ చిక్కును తప్పించడానికే ఫ్లాపులు. రెక్క వెనక అంచు కింద పొడుగాటి రేకు ఒకటి పెట్టె మూతలా బందులతో బిగించి ఉంటుంది. ఎగురుతున్నప్పుడు రెక్కకు అంటుకుపోయి ఉంటుంది. దిగేముందు పైలటు మీట వేస్తే కిందికి తెరుచుకుంటుంది. అప్పుడు రెక్క తక్కువ వేగంలోనూ బరువు మోస్తుంది. పైగా ఆ రేకు గాలికి అడ్డంపడి విమానాన్ని వెనక్కి పట్టుకుంటుంది. పావు, సగం, ముప్పావు, పూర్తిగా, ఎంత కావాలంటే అంత దించుకోవచ్చు.

కొన్ని విమానాలకు రెక్క ముందు అంచున కూడా ముందుకు జారే పట్టీ ఉంటుంది, దాన్ని స్లాట్ అంటారు. మన డకోటాకు అది లేదు. వెనక ఫ్లాపులే దిక్కు. అవి రాకపోతే వేగంగా నేలను తాకాలి. ఆ రోజు అలాగే తాకింది. అది చిన్న మైదానం. చివర కాలువ ఉంది.

మీ అవ్వకు నా దండాలు చెప్పు. ఉస్తాద్‌కు నేను రాసినట్టు చెప్పకు.

కొండల్


వేములవాడ,
11 మే 1952

కొండలన్నా,

నెలకొక ఉత్తరం రాస్తే జనవరి వచ్చేస్తుంది. తొందరగా రాయి.

మూత సంగతి అర్థమైంది. పెరట్లో కాలువకు అడ్డంగా పలక పెట్టి చూశాను. వాల్చి పెడితే నీళ్లు దాన్ని పైకి తోశాయి. గట్టిగా పట్టుకుంటే చేయి నొప్పెట్టింది. ఆ చిన్న కాలువకే ఇంత బలముంటే, అంత వేగంగా వచ్చే గాలికి ఎదురుగా ఆ రేకును దించి పట్టేది ఎవరు? నూనె అంటున్నారు. నూనె ఎలా పట్టుకుంటుంది? చేతిలోనే నిలవదు కదా!

ఇంకో సంగతి. ఆ నూనెను పోసేది ఎవరు? చూసేది ఎవరు? ఇద్దరూ ఒకరేనా? హుకుంలో "అంతయ్య పోసి, అంతయ్య చూసి" అని ఉంది. విచారణలో బాపే అలా చెప్పాడట. కానీ నాకు గుర్తున్నంతలో అది పడడానికి ముందు వారం ఆదిలాబాద్ పోయింది నువ్వు. కలరా మందులతో డాక్టర్లను దింపిన అదే విమానంలో పోయావు. పోతూ పోతూ మీ ఇచ్చోడకు వెళ్లి మీ అవ్వ గంగుబాయిని చూసి వస్తానన్నావు. మాకు సీతాఫలాలు తెస్తానని కాయ కూడా తేలేదు.

మొన్న మధ్యాహ్నం మా ఇంటి మీదుగా ఒక విమానం పోయింది. వీధిలో పిల్లలు అరిచారు. బాపు చాప మీద నుంచి లేవకుండానే చెవి అటువైపు పెట్టి, "ఎడమ ఇంజను జర గరగరమంటుంది" అన్నాడు. ఇక్కడికి వచ్చాక ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అదే. అవ్వ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

నర్మద


బేగంపేట,
6 జులై 1952

చెల్లె నర్మదకు,

ఆలస్యానికి ఏమనుకోకు. ఉస్తాద్ జాగాలో సంతకం పెట్టడానికి వేరే ఇంజినీరు వచ్చాడు. ఫిట్టర్లందరి మీద నన్ను పెట్టారు. నా చేతికింద ఇద్దరు కొత్తవాళ్లు. నేను అడగలేదు, ఇచ్చారు. వాళ్లు రెంచి ఎక్కడైనా మరిచిపోతే నా నోటి నుంచి ఉస్తాద్ తిట్లే వస్తున్నాయి. విని నేనే ఆగిపోతున్నాను.

నూనె సంగతి. నూనెను ఎంత నొక్కినా నలిగి చిన్నదవదు. గొట్టం నిండా నూనె ఉంటే ఈ కొసన ఎంత బలంతో తోస్తే ఆ కొసన అంత బలంతో తోస్తుంది. ఇంజనుకు బిగించిన పంపు టాంకీలోని నూనెను లాగి గొట్టాల్లోకి బలంగా కొడుతుంది. పైలటు మీటను కిందికి వేస్తే ఆ నూనె పొట్ట కింద ఉన్న సిలిండరులోకి ఒక పక్క నుంచి పోయి పిస్టనును తోస్తుంది. రెండో పక్కనున్న నూనె తిరిగి టాంకీకి వస్తుంది. పిస్టనుకు తగిలించిన కడ్డీలు రెండు రెక్కల దాకా పోతాయి కాబట్టి అటూ ఇటూ ఫ్లాపులు సమంగా దిగుతాయి. ఒక పక్కే దిగితే విమానం పల్టీ కొడుతుంది. కావలసినంత దిగాక మీట నడిమికి తెస్తే సిలిండరు రెండు మూతులూ మూసుకుపోతాయి. నూనెకు ఎటూ దారి ఉండదు. గాలి ఎంత తోసినా రేకు కదలదు. నువ్వు అడిగావే, ఎలా పట్టుకుంటుందని. దారి లేని నూనె ఇనుముతో సమానం.

గొట్టం కారి టాంకీలో నూనె తగ్గితే పంపు గాలిని లాగుతుంది. గాలి నలుగుతుంది, దేన్నీ తోయదు. అందుకే టాంకీ అడుగున కొంత నూనెను ఇంజను పంపులకు అందకుండా వేరే ఉంచుతారు. అది ఆపదకు. పైలటు సీటు పక్కన చేతిపంపు ఉంటుంది. దానికి ఆ అడుగు నూనె మాత్రమే వస్తుంది. "అడుగుది ముట్టొద్దురా, అది పానం" అనేవాడు ఉస్తాద్.

నూనె ఎర్రగా ఉంటుంది, కొంచెం కిరసనాయిలు వాసన. స్టోరు గుమాస్తా రామచంద్రం సీలు వేసిన డబ్బాల్లో ఇస్తాడు.

పోసేది ఎవరు, చూసేది ఎవరు అన్నావు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. లైసెన్సు ఉన్నవాడే కాగితం మీద సంతకం పెట్టాలి. మాకు లేదు కదా. మేం పని చేసి "అయింది ఉస్తాద్" అంటే ఆయన తిరిగి చూసి పెట్టేవాడు. కొత్తవాళ్లవైతే ప్రతి బోల్టూ చూసేవాడు. నా పని మాత్రం చూడటం మానేసి రెండేళ్లయింది. "కొండల్ చెయ్యి నా చెయ్యే" అనేవాడు.

వానలు పట్టాయి. ఇక్కడ అంతా బురద.

కొండల్


వేములవాడ,
14 సెప్టెంబరు 1952

కొండలన్నా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. సంతకం పద్ధతి గురించి నువ్వు రాసిన నాలుగు మాటలు అప్పీలులో పెట్టొచ్చా? పెడితే నీకు ఇబ్బంది అవుతుందా? చెప్పు. నీకు చెడు కావాలని నేను కోరుకోను. బాపు మీద ఆ చావులు పోవాలి, అంతే. ఎవరి మీద పెట్టాలన్నది నా పని కాదు.

ఒకటి అడుగుతాను. విమానం పడ్డ చోటికి ఆఫీసర్లతోపాటు బాపునూ తీసుకుపోయారు కదా. తిరిగి వచ్చినప్పుడు ఆయన భుజం మీద ఉన్న తువ్వాలను ఉతకనివ్వలేదు. ఇక్కడికి వచ్చాక కూడా మడిచి తల కింద పెట్టుకుంటున్నాడు. మొన్న జ్వరంలో చెమట పట్టి దిండంతా తడిస్తే తువ్వాల తీసి ఆరేశాను. దాని నిండా నూనె మరకలు. కొన్ని మరకలు ఎర్రగా ఉన్నాయి, నువ్వు రాసినట్టే. కానీ పెద్ద మరక ఎరుపు కాదు. పసుపు పచ్చగా, జిడ్డుగా ఉంది. ఎండలో పెట్టేసరికి ఆముదం వాసన వచ్చింది.

ఆముదం విమానంలోకి ఎందుకు వస్తుంది?

బాపును అడిగాను. తువ్వాల లాక్కుని, "గది నీకెందుకు బిడ్డా, లోపలికి పో" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు. ఆయన నన్ను బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పీలు సగం రాశాను.

నర్మద


బేగంపేట,
20 అక్టోబరు 1952

నర్మదకు,

తువ్వాలకు ఆముదం వాసన వస్తే తలనూనె అయి ఉంటుంది. దాన్ని పట్టుకుని అప్పీలు రాస్తే నవ్వుతారు. నా మాట విని ఇదంతా మానుకో. ఉస్తాద్‌ను పరేషాన్ చేయకు. పోయినవాళ్లు తిరిగి రారు.

పండుగకు ఇచ్చోడ పోతానేమో, తెలియదు.

కొండల్


వేములవాడ,
18 డిసెంబరు 1952

అన్నా,

తలనూనె అన్నావు. బాపు తలకు నూనె రాసి పదేళ్లయింది. రాయడానికి జుట్టేదీ?

నీ ఉత్తరం చూసి నాకు కోపం వచ్చింది, రెండు నెలలు రాయలేదు. ఈ మధ్య ఇక్కడ చలి బాగా పెరిగింది. నిన్న పొద్దున్నే అవ్వ ఆముదం సీసా వంచి పట్టుకుంది. రాదు. సీసా అడుగు తట్టింది. పాకంలా మెల్లగా ఒక్క చుక్క దిగింది. "గిది గడ్డకట్టింది, కుంపటి కాడ పెట్టు" అని నా చేతికి ఇచ్చింది. సీసాను కుంపటి పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

విమానం పడ్డది కూడా డిసెంబరు పొద్దునే. రెండు గంటలు తొమ్మిది వేల అడుగుల ఎత్తున వచ్చిందని హుకుంలో రాశారు. అక్కడ ఇంకెంత చలి! బతికిన వైర్‌లెస్ ఆయన ఏం చెప్పాడో కూడా రాశారు. ఫ్లాపులు రాకపోతే పైలటు చేతిపంపు కొట్టాడట. అరచేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాడట. ఫ్లాపులు పావు వంతు కూడా దిగలేదట. ఆ సాక్ష్యం కింద ఆఫీసర్లు "చేతిపంపు పనిచేయని కారణం తెలియరాలేదు" అని రాసి బాపు సంతకం చూపించారు.

కారణం నాకు తెలిసింది. టాంకీలో ఎవరో ఆముదం పోశారు. అది అడుగుకు చేరింది. సీలు డబ్బాలు ఇచ్చేది స్టోరు రామచంద్రం అని నువ్వే రాశావు. ఎర్ర నూనె బయట అమ్ముకుని డబ్బాల్లో ఆముదం కలిపి ఉంటాడు. అప్పీలులో ఆయన పేరే రాస్తున్నాను. తువ్వాల కూడా జత చేస్తాను. ఆయనకు ముగ్గురు పిల్లలని తెలుసు. అందుకని మా బాపు నలుగురిని చంపినవాడుగా చావాలా?

బాపు తిండి తగ్గింది. డాక్టరు గుండె నీరసంగా ఉందన్నాడు. జనవరి ముప్పై ఒకటి ఎంతో దూరం లేదు.

నర్మద


ఇచ్చోడ,
8 జనవరి 1953

చెల్లె నర్మదకు,

రామచంద్రం పేరు కొట్టివెయ్యి. ఆయన ఏమీ చేయలేదు. ఆముదం పోసింది నేను.

ఇది రాయడానికే సెలవు పెట్టి మా అవ్వ దగ్గరికి వచ్చాను. బేగంపేటలో కూర్చుని మూడుసార్లు రాసి చింపేశాను. ఇప్పుడు అవ్వ పొయ్యి మీద ఆముదపు గింజలు వేయించింది, దంచి నీళ్లలో ఉడికిస్తోంది. ఇల్లంతా ఆ వాసన. ఈ వాసనలో అబద్ధం రాయడం కుదరడం లేదు.

ఆదిలాబాద్‌లో డాక్టర్లు అయిదు రోజులు ఉండాలన్నారు. విమానాన్ని ఊరి బయట చదును చేసిన మైదానంలో నిలిపాం. రెండో రోజు చూస్తే ఒక గొట్టం కీలు దగ్గర కారి టాంకీలో నూనె తగ్గింది. కీలు బిగించాను. నూనె పోయాలి. ఎప్పుడూ వెంట తెచ్చుకోవాల్సిన ఎర్ర డబ్బాను బేగంపేట షెడ్డులో మరిచిపోయి వచ్చాను.

బేగంపేటకు టెలిగ్రాం తార్ కొడితే రెండు రోజుల్లో డబ్బా వచ్చేది. డాక్టర్లు ఎలాగూ ఉండేవాళ్లే. ఎవరికీ నష్టం లేదు. పోస్టాఫీసు దాకా పోయాను. ఫారం తీసుకున్నాను. కానీ ఆ తార్ అందేది ఉస్తాద్‌కు. అంతకు నెల ముందు నేను రెక్క మీద రెంచి మరిచిపోయానని షెడ్డులో అందరి ముందు నన్ను పొద్దుగూకేదాకా నిలబెట్టాడు, గుర్తుందా? ఆ రోజు నువ్వు అన్నం తెస్తే తిననివ్వలేదు. "ఇంకొక్కసారి మరిస్తే గేటు బయట ఉంటవ్, నా ఇంటి గడప గూడ తొక్కకు" అన్నాడు. ఫారం చేతిలో పట్టుకుని అదే తలుచుకున్నాను. గేటు పోతే పోనీ అనిపించింది. గడప మాట తట్టుకోలేకపోయాను. ఫారం చింపేశాను.

యుద్ధంలో కొన్ని విమానాలకు ఆముదంతో చేసిన నూనె వాడేవాళ్లని ఆయనే ఒకసారి చెప్పాడు. దానిలో ఇంకేవో కలుపుతారని నాకు తెలియదు. లారీ ఎక్కి ఇచ్చోడ వచ్చి అవ్వను అడిగితే రెండు సేర్ల వంటాముదం చెంబులో పోసి ఇచ్చింది. "ఎవరికి బిడ్డా, బండి ఇరుసుకా?" అంది. ఔనన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎండ. అంతా బాగానే పనిచేసింది. "నూనె పోసిన ఉస్తాద్, అయింది" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు. అప్పుడే టాంకీ కడిగి ఎర్ర నూనె మార్చాలనుకున్నాను. షెడ్డులో ఆయన లేని సమయం దొరకలేదు. రేపు, రేపు అనుకున్నాను. ఆరో రోజు అదే విమానం ఉత్తర దిక్కుకు పోయి పడింది.

ఆ తరువాతది నువ్వే సరిగ్గా రాశావు. ఆముదం బరువు, ఆ నూనెలో కలవదు, అడుగుకు చేరి ఉంటుంది. నేను బిగించిన కీలు మళ్లీ కారి ఉంటుంది. పైనున్న ఎర్ర నూనె పోయాక చేతిపంపుకు మిగిలింది నా ఆముదమే. చక్రాలు వాటి బరువుకే దిగాయి. ఫ్లాపులు రాలేదు. బ్రేకులకూ అదే నూనె కావాలి. చలికాలంలో ఆముదం గడ్డకడుతుందని నాకు తెలియదా? పుట్టిందగ్గర్నుంచి కుంపటి దగ్గర సీసా పెట్టినవాణ్ణి. ఆ మైదానంలో ఆ సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. భయం తప్ప ఇంకేదీ తలలో లేదు.

విచారణలో ఉస్తాద్ "నేనే పోసిన, నేనే చూసిన" అన్నప్పుడు నేను వెనక బెంచీలో ఉన్నాను. లేవలేదు. ఎందుకు లేవలేదని అడగకు. ఆ జవాబు నా దగ్గర ఉంటే ఏడాది క్రితమే లేచేవాణ్ణి.

ఈ ఉత్తరాన్ని ఇలాగే అప్పీలుకు జత చెయ్యి. కింద నా పూర్తి పేరుతో సంతకం పెట్టాను. నేను చేసిన పనికి నేను పెట్టిన మొదటి సంతకం ఇదే. జైలుకు పంపినా సరే. ఉస్తాద్‌కు ఇది చదివి వినిపించు. రమ్మంటే వస్తాను. వచ్చి గడప బయట నిలబడతాను.

ఇరుకుల్ల కొండల్


వేములవాడ,
31 జనవరి 1953

కొండలన్నకు,

నీ ఉత్తరం పన్నెండో తారీకున అందింది. మొదటి మూడు వాక్యాలు చదవగానే నాకు కాళ్లు ఆగలేదు. ఏడాదిగా నేను వెతుకుతున్నది అదే కదా. మిగతాది చదువుకోకుండానే బాపు దగ్గరికి పరుగెత్తి, "బాపూ, నువ్వు కాదు! కొండలన్న రాసిండు, విను" అని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ముందు నేనొక్కదాన్నే చదువుకుని ఉంటే బాగుండేది. ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అనుకుంటున్నానో నీకు చెప్పలేను.

ఆముదం అన్న మాట విని ఆయన కళ్లు తెరవలేదు. "తెల్సు బిడ్డా" అన్నాడు. "గా దినమే తెల్సింది. చేతిపంపు గొట్టం ఇరిగి ఉండె. తుడిచి వాసన చూసిన. గంగుబాయి వంటాముదం. మన ఇంటికి ఎన్నిసార్లు తెచ్చిండు వాడు."

అవ్వ రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చింది. "తెల్సి ఎందుకు చెప్పలే?" అని అరిచింది.

"నా కింద పనిచేసెటోడు చేసింది నేను చేసినట్టే. చూడకుంట సంతకం పెట్టింది నేనే. నలుగురు పోయిండ్రు, అయిదోవాన్ని ఎందుకు పంపాలె? వాడు చిన్నోడు."

ఎంత నిమ్మళంగా అన్నాడో! ఏడాదిలో అంత నిమ్మళంగా ఆయన మాట్లాడటం చూడలేదు. ఊరంతా ఏమన్నా ఆయన పడుకోగలిగింది అందుకేనని అప్పుడు అర్థమైంది. లోపల తాను తప్పు చేయలేదని తెలుసు. నిన్ను కాపాడుతున్నానని తెలుసు. నేను ధైర్యం తెచ్చుకుని కాగితం తిప్పాను.

తార్ ఫారం దగ్గరికి వచ్చాను. గడప మాట దగ్గరికి వచ్చాను. నా నోటి నుంచి అన్నీ బయటికి వచ్చేశాయి.

బాపు లేచి కూర్చున్నాడు. "మల్ల చదువు" అన్నాడు. చదివాను. "రెంచి ముచ్చట మల్ల చదువు." చదివాను. తరువాత అన్నాడు: "ఒక్క తార్ కొట్టనీకి వాడు నాకు భయపడ్డడా?"

కోపానికి అన్న మాటలవి, నీకు తెలియదా అని అవ్వ ఎంత చెప్పినా వినలేదు. నేను చేతిలో అప్పీలు పట్టుకుని, రామచంద్రం పేరు తీసేస్తాను బాపూ, నీ సంతకం కూడా అక్కర్లేదు, రేపే పంపిస్తానంటే తల అడ్డంగా ఊపాడు. "పంపకు. హుకుంల రాసింది గిప్పుడు నిజమే. వాడు మరిచిపోయిన అని చెప్పనీకి రాకుంట చేసింది నేను. నలుగుర్ని నేనే సంపిన."

ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. నీళ్లు గొంతులో పోస్తే పక్క నుంచి కారిపోయేవి. ఇరవై మూడో తారీకు పొద్దున పోయాడు. మోయడానికి మా చిన్నాయన, ఇద్దరు మేనమామలు, లైబ్రరీ పంతులు వచ్చారు. బాలమల్లు గడప దాకా వచ్చి వెనక్కి పోయాడు.

కొండలన్నా, బాపు ఏడాదిపాటు తాను చేయని తప్పును మోశాడు. అది మోయగలిగాడు. నీ ఉత్తరం విన్నాక తాను చేసిన తప్పును మోశాడు. దాన్ని పదకొండు రోజులే మోయగలిగాడు. నిజం రాయమని ఏడాది నీ వెంటపడ్డది నేను. ఇప్పుడు నీ మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు దారి లేదు.

అప్పీలుకు ఈరోజే ఆఖరు. పోస్టాఫీసు మూసేశారు. రాసిన కాగితాలు, నీ సంతకం ఉన్న ఉత్తరం, తువ్వాల అన్నీ ఒక్కచోట మూటగట్టి పెట్టాను. పంపకపోవడం నిన్ను క్షమించినందుకు కాదు, ఆయన వద్దన్నందుకు. నువ్వు రావద్దు. వస్తే అవ్వ నిన్ను లోపలికి పిలిచి అన్నం పెడుతుంది. అది నేను చూడలేను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నీ చేతికింద ఇద్దరున్నారని రాశావు. వాళ్లు ఏదైనా మరిచిపోతే తిట్టకు.

నర్మద